నీళ్లంటే గిట్టని ప్రయోగం

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. డిసెంబర్లో ఒక రాత్రి కెమిస్ట్రీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ‘‘నాన్నా, ఎస్టర్లకు పండ్ల వాసన ఉంటుందని రాశారు. ఏ పండు వాసన?’’ అని అడిగింది.

‘‘ఒక్కోదానికి ఒక్కో పండు. ల్యాబ్‌లో మీ చేత ఏది చేయించారు?’’ అన్నాను.

నా వైపు జాలిగా చూసింది. వాళ్ల కాలేజీలో ల్యాబ్‌కు తాళం, తాళానికి తుప్పు. రికార్డు పుస్తకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించారు. సమీకరణం అడిగితే తడుముకోకుండా చెప్పింది. ఆమ్లమూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టరు, నీరు. మధ్యలో అటొకటి ఇటొకటి బాణాలు. ఆ రెండు బాణాల మధ్య ఎంత కథ ఉందో చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ‘‘పొద్దున చెబుతాలే, పడుకో’’ అన్నాను. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారిని. ఇరవయ్యేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. అయినా ఎస్టరంటే నాకు ముందు గుర్తొచ్చేది బత్తలపల్లె ఆసుపత్రి వరండానే.

మాది బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో, ధర్మవరానికి దగ్గర. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాం గానీ, ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోటికి అనంతపురమే వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా అదనులో పడితే పండగే. చిత్రావతిలో నీళ్లు పారిన రోజులకన్నా ఇసుక ట్రాక్టర్లు పారిన రోజులే మా తరానికి ఎక్కువ తెలుసు. మాకు నాలుగున్నర ఎకరాల ఎర్రనేల. మా చుట్టుపక్కల అందరిలాగే అందులో వేసేది శెనక్కాయ. జిల్లా మొత్తం మీద 7 లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటే వేసిన రోజులవి.

1999లో అనంతపురంలో బీఎస్సీలో చేరాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. రోజూ పొద్దున్నే సంగటి తిని బస్సెక్కడం, సాయంత్రం దుమ్ము కొట్టుకుని దిగడం. నాకు అన్నిటికన్నా నచ్చింది కెమిస్ట్రీ ల్యాబ్. లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఆ ఘాటు, ఆమ్లం పడి నల్లగా మచ్చలు తేలిన బల్లలు, గ్యాసు బర్నరు నీలిమంట... అదంతా నాకు వేరే దేశంలా ఉండేది. ఆ దేశంలో ఒక్కటి మాత్రం అచ్చం మా ఊరిలాగే ఉండేది. కుళాయిల్లో నీళ్లు వచ్చేవి కావు.

ల్యాబ్‌లో నీళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పాలంటే ఎస్టర్ల సంగతి కాస్త చెప్పాలి. ఎస్టరు తయారుచేయడం వినడానికి చాలా తేలిక. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం తీసుకుని, అందులో ఒక ఆల్కహాలు పోసి, నాలుగు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేయడమే. 1895లో జర్మనీలో ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ అనే ఇద్దరు చూపించిన పద్ధతి ఇది. ఇథైల్ ఆల్కహాలు పోస్తే గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తుంది. ఐసోఎమైల్ ఆల్కహాలు పోస్తే బాగా ముగ్గిన అరటిపండు వాసన. మిథైల్ ఆల్కహాలును శాలిసిలిక్ ఆమ్లంతో కలిపితే నడుంనొప్పికి రాసుకునే మందు వాసన గది నిండా గుప్పుమంటుంది. ఆ ప్రయోగం చేసిన రోజు మా బ్యాచ్ అంతా ముసలమ్మల్లా కంపు కొడుతూ బస్సెక్కాం. కండక్టరు ఒక్కొక్కరినీ ‘‘యాడ నొప్పప్పా?’’ అని పలకరించాడు.

విచిత్రమేమిటంటే పదార్థాలు విడివిడిగా ఉన్నప్పుడు వీటిలో చాలావాటి వాసన భరించలేం. పైనాపిల్ వాసన ఇచ్చే ఎస్టరు బ్యుటిరిక్ ఆమ్లంతో తయారవుతుంది. ఆ ఆమ్లం సీసా మూత తీస్తే నెల్లాళ్లు మూలపడిన వెన్న కంపు. నిజానికి వెన్న మురిగినప్పుడు వచ్చే వాసన అదే. వెన్నలో ఎస్టరుగా కట్టుబడి ఉన్న ఆ ఆమ్లం విడిపోయి బయటపడుతుందన్నమాట. అరటి వాసనకు మూలమైన ఐసోఎమైల్ ఆల్కహాలు కూడా ఊపిరి తిత్తుల్లోకి పోతే దగ్గు ఆగదు. రెండు దుర్గంధాలు కలిసి సుగంధమైన సంగతి మొదటిసారి చూసినప్పుడు నేను ఫ్లాస్కును పది నిమిషాలు వాసన చూస్తూ కూర్చుంటే, మా సారు వచ్చి నెత్తి మీద ఒకటి తగిలించి పని చూడమన్నారు.

ఈ చర్యతో చిక్కేమిటంటే ఇది ముందుకు ఎంత నడుస్తుందో వెనక్కీ అంత నడుస్తుంది. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఎస్టరూ నీళ్లూ అవుతుంటే, పక్కనే ఎస్టరూ నీళ్లూ కలిసి మళ్లీ ఆమ్లమూ ఆల్కహాలూ అవుతుంటాయి. పుస్తకంలో రెండు బాణాలు వేసేది అందుకే. 1862లోనే ఫ్రాన్స్‌లో బెర్తెలో అనే శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి దీన్ని ఓపిగ్గా కొలిచాడు. ఎసిటిక్ ఆమ్లాన్నీ మామూలు ఆల్కహాలునూ సరిసమానంగా కలిపితే మూడింట రెండు వంతులు ఎస్టరయ్యే సరికి ఆట ఆగిపోతుంది. ఎన్నాళ్లు ఉంచినా అంతే. ఇంకా రావాలంటే ఒకటి ఎక్కువ పోయాలి, లేదా పుట్టిన నీటిని పుట్టినట్టే పక్కకు లాగేయాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్యను పరుగెత్తించడమే కాక ఆ నీటిని తాగే పని కూడా చేస్తుంది.

మా సారు ఇదంతా బోర్డు మీద రాసి, ‘‘ఎస్టరు నిలవాలంటే నీళ్లు ఉండకూడదు. నీళ్లే దీనికి శత్రువు’’ అన్నారు. వెనక బెంచీలోంచి ఎవడో, ‘‘అట్లయితే మన జిల్లాలో నూటికి నూరు రావల్ల సార్!’’ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

ఫ్లాస్కు లోపల నీళ్లు శత్రువే గానీ, బయట నీళ్లు లేకపోతే ప్రయోగమే లేదు. గంటసేపు మరిగించాలి. మరిగితే ఆవిరి పోతుంది. పోకుండా ఫ్లాస్కు మీద గాజు కండెన్సరు నిలబెట్టి, దాని పై గొట్టం గుండా చల్లటి నీళ్లు కింది నుంచి పైకి పారిస్తూ ఉండాలి. ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకి కారుతుంది. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి తిప్పితే అయిపోయే పని. కుళాయి తిప్పితే మాకు వచ్చేది గాలి. అప్పుడు మా అటెండరు ఒక ఉపాయం కనిపెట్టాడు. అల్మరా పైన ఒక బకెట్టు, బల్ల కింద ఒక బకెట్టు. పై బకెట్లోంచి గొట్టం నోటితో పీల్చి కండెన్సరుకు తగిలిస్తాడు. నీళ్లు కండెన్సరంతా తిరిగి కింది బకెట్లో పడతాయి. అది నిండగానే ఇద్దరు కుర్రాళ్లు ఎత్తి పైకి పెట్టాలి. అవే నీళ్లు, మళ్లీ మళ్లీ. నాలుగో విడతకు నీళ్లు గోరువెచ్చగా అయ్యేవి. అప్పుడు ఆయన తడి గోనెపట్ట చుట్టేవాడు. ఇంజనీరింగ్ చదవని ఆ పెద్దమనిషి లేకపోతే మా ఊరివైపు పిల్లలెవరూ ఎస్టరు మొహం చూసేవాళ్లం కాదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో మా శెనక్కాయకు ఎప్పుడూ చూడని తెగులొచ్చింది. మొవ్వు మాడి, కాండం నల్లబడి, మొక్క నిలువునా చచ్చేది. అదొక వైరస్ అనీ, వయ్యారిభామ పుప్పొడి మీద ఉండి తామర పురుగుల ద్వారా శెనక్కాయకు వస్తుందనీ తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ ఒక్క ఏడు జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. నష్టం 300 కోట్ల పైమాటే అన్నారు. మా నాలుగున్నర ఎకరాల్లో మూడు మూటలు కూడా ఇంటికి రాలేదు. విత్తనాలకు తెచ్చిన అప్పు అట్లాగే ఉంది. నాయన ఏమీ అనలేదు. నా బస్ పాసు డబ్బులు మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీకి ముందే గూట్లో పెట్టేవాడు. మరుసటేడు, 2001లో, మళ్లీ అప్పు చేసి మళ్లీ శెనక్కాయే వేశాడు. ఈసారి పురుగు కనిపించకముందే మందు కొట్టడం మొదలుపెట్టాడు.

సెప్టెంబర్లో ఒక మధ్యాహ్నం. ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో నా వంతు అరటిపండు ఎస్టరు. గంట మరిగించడం అయిపోయింది. చల్లార్చి, వేర్పాటు గరాటులో పోసి, సోడా ఉప్పు నీళ్లతో కడుగుతున్నాను. మిగిలిపోయిన ఆమ్లం పోవడానికి అట్లా కడగాలి. పోయగానే బుసబుసా పొంగుతుంది. గరాటు తలకిందులు చేసి, కుళాయి కొంచెం తిప్పి గాలి వదలాలి. లేకపోతే మూత ఎగిరిపోతుంది. నాకు మూత సరిగా పట్టుకోవడం రాక సగం ఎస్టరు చేతుల మీద, చొక్కా మీద పడింది. అప్పుడే ఆఫీసు నుంచి ప్యూన్ వచ్చి, ఎస్టీడీ బూత్ నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడనీ, నాయనను బత్తలపల్లె ఆసుపత్రిలో చేర్చారనీ, వెంటనే రమ్మన్నాడనీ చెప్పాడు. గరాటు పక్కవాడి చేతిలో పెట్టి పరుగెత్తాను. చేతులు కడుక్కోలేదు. కడుక్కుందామన్నా నీళ్లు ఎక్కడున్నాయి?

స్పెయిన్ నుంచి వచ్చి 1969లో మా జిల్లాలో పని మొదలుపెట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గారి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 2000లో మా ఊళ్లో ఆసుపత్రి పెట్టింది. అంతకుముందైతే ఇట్లాంటి కేసును అనంతపురం తీసుకుపోవాల్సిందే, దారిలో ఏమైనా కావచ్చు. నేను వెళ్లేసరికి నాయన మంచం మీద ఉన్నాడు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. నర్సమ్మ టార్చి వేసి కన్ను చూపించింది. కంటిపాప సూదిమొనంత అయిపోయింది. విప్పేసిన చొక్కా ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి మూలన పెట్టారు. ఆ సంచిలోంచి కిరసనాయిలూ వెల్లుల్లీ కలిపినట్టు వాసన.

డాక్టరు అమ్మను అడుగుతున్నాడు. ‘‘తాగినాడా, కొట్టేటప్పుడు పడిపోయినాడా? దాచద్దు.’’

‘‘కొట్టేటప్పుడే సార్. గాలి తిరిగింది. మింద పడింది’’ అంది అమ్మ.

డాక్టరు కాసేపు అమ్మ ముఖంలోకి చూసి, కేసు షీటులో ఏదో రాశాడు. ఆ షీటు రాత్రంతా మంచానికి వేలాడుతూనే ఉంది. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ని మా ఇంట్లో నేనొక్కణ్నే. చదవలేదు.

గాలి తిరగడమన్నది ఉత్తమాటేమీ కాదు. మాది మెరక. ఆ నెలల్లో గాలి మనిషిని తోసేస్తుంది. ఆ గాలిని చూసే కదా మా పక్కన రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది. నోటికి గుడ్డ లేకుండా, చేతులకు తొడుగుల్లేకుండా, వీపున డబ్బా వేసుకుని గాలికి ఎదురు నడిచి మందు కొట్టేవాళ్లు ఆ రోజుల్లో ప్రతి చేనులోనూ ఉన్నారు. పడిపోయినవాళ్లూ ఉన్నారు. ఇంకో రకంగా ఆసుపత్రికి వచ్చినవాళ్లూ ఉన్నారు. పేపర్లో రోజూ ఎక్కడో ఒకచోట ఆ వార్త ఉండేది. రెండింటికీ వైద్యం ఒకటే. ఇంట్లోవాళ్లు చెప్పే మాట కూడా చాలాసార్లు ఒకటే.

రాత్రి పదింటి దాకా గంటగంటకూ అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నారు. చెమట ఆగింది, చొంగ ఆగింది, కంటిపాప పెద్దదైంది. తెల్లవారుజామున నాయన పలవరించడం మొదలుపెట్టాడు. ఆ మందు ఎక్కువ పడితే అట్లాగే ఉంటుందని నర్సమ్మ చెప్పింది. దుప్పటి మీద లేని శెనక్కాయ మొక్కలు పీకుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుంటే ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, ‘‘అరటిపండ్లు తెచ్చినావా?’’ అన్నాడు.

నా చేతులవి. పన్నెండు గంటలైనా చొక్కాకు ఇంకా కొద్దిగా ఆ వాసన ఉన్నట్టుంది. తెల్లారగానే బస్టాండు దగ్గర రెండు పండ్లు కొనుక్కొచ్చి తల పక్కన పెట్టాను. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దన్నారు. మూడో రోజుకు అవి నల్లబడ్డాయి. ఐదో రోజు నాయన ఇంటికొచ్చాడు.

మళ్లీ కాలేజీకి వెళ్లిన రోజు నా నంబరు రాసిన చిన్న సీసా నా బల్ల మీద ఉంది. మిగిలిన పని నా పక్కవాడు పూర్తిచేసి, కాల్షియం క్లోరైడ్ వేసి ఆఖరి తడి కూడా పీల్చి, స్వేదనం చేసి పెట్టాడు. 142 డిగ్రీల దగ్గర మరిగే తేటనీళ్లలాంటి ద్రవం. మార్కులు నాకే వేశారు.

ఆ వారమే లైబ్రరీలో కూర్చుని, నాయన మీద పడిన మందేమిటో వెతికాను. 1930ల్లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ అనే రసాయనవేత్త పురుగుమందుల కోసం ప్రయోగాలు చేస్తూ కనిపెట్టిన కుటుంబం అది. ఆర్గానోఫాస్ఫేట్లు. ఆ పేరు కింద మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేశాను. ‘ఫాస్ఫారిక్ ఆమ్లపు ఎస్టర్లు’ అని ఉంది.

మర్నాడు మళ్లీ తెరిచాను. మన నరాల చివర్లలో సందేశాన్ని మోసే పదార్థం ఎసిటైల్‌కోలిన్. అదొక ఎస్టరు. దాని పని అయిపోగానే ఒక ఎంజైము వచ్చి, ఒక నీటి అణువును వాడుకుని, దాన్ని రెండు ముక్కలు చేసేస్తుంది. మా సారు బోర్డు మీద వేసిన వెనక బాణం అన్నమాట. క్షణంలో వెయ్యో వంతు లోపే జరిగిపోతుంది. పురుగుమందు వెళ్లి ఆ ఎంజైమును పట్టేస్తుంది. ఇక ముక్కలు చేసేవాళ్లు లేరు. సందేశం ఆగదు. చెమట పట్టమన్న మాట, చొంగ కారమన్న మాట, కండరం అదరమన్న మాట మోగుతూనే ఉంటాయి. పురుగుకూ అంతే, మనిషికీ అంతే. మరి అట్రోపిన్? ఆ సందేశం అందే చోట కొన్నింటికి అడ్డంగా కూర్చుంటుంది. బెల్లడోనా అనే మొక్క నుంచి తీశారు దాన్ని. మా చేల గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఆ జాతి విషాలే ఉంటాయి, అందుకే గొర్రెలు కూడా దాన్ని ముట్టవు. దాని నిర్మాణం బొమ్మ చూస్తే అందులోనూ మధ్యలో అదే గుర్తు, ఒక కార్బనూ రెండు ఆక్సిజన్లూ. అట్రోపిన్ కూడా ఎస్టరే!

విషమూ అదే, విరుగుడూ అదే, నరంలో పరుగెత్తేదీ అదే, నా చేతుల మీద ఒలికిందీ అదే. ఆ రోజు లైబ్రరీలో నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పుడు సరిగా గుర్తులేదు. ఫ్యాను తిరగడం లేదని మాత్రం గుర్తుంది.

తర్వాత ఎక్కడ చూసినా ఎస్టర్లే కనిపించేవి. అమ్మ తాలింపులో పోసే శెనక్కాయ నూనె మొత్తం ఎస్టర్లే. గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించి మొక్క చేసుకున్న ఎస్టరు. అంటే మా నాయన జన్మంతా ఎర్రనేలలో చేసింది ఎస్టర్ల తయారీయే, కండెన్సరు లేకుండా, సల్ఫ్యూరిక్ ఆమ్లం లేకుండా. అదే నూనెను క్షారంతో ఉడకబెడితే మళ్లీ విడిపోయి సబ్బవుతుంది. ఈ సంగతి విప్పి చెప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రోల్ నూటరెండేళ్లు బతికాడు, నూనెలు తిని కాదనుకోండి. అనంతపురంలోనే జేఎన్‌టీయూ వాళ్లకు నూనెల పరిశోధన సంస్థ ఒకటి ఉంది. ఆ గేటు ముందు నుంచి మూడేళ్లు బస్సులో వెళ్లొచ్చినా లోపల ఏం చేస్తారో నాకు అప్పటిదాకా తోచనే లేదు. ధర్మవరం పట్టుచీరల్లా కనిపించే పాలిస్టరు చీరలు కూడా ఆ కుటుంబమే. పేరులోనే ఉంది కదా, బోలెడు ఎస్టర్లు గొలుసు కట్టినవి. మా ఊరి దగ్గర మగ్గాల మీద బతికేవాళ్ల ముందు ఆ మాట ఎత్తకపోవడం మంచిది.

నాయన మళ్లీ సేద్యం చేశాడు. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. నేను ఉద్యోగంలో చేరాక తీరింది. ఆ సెప్టెంబరు గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే ‘‘గాలి తిరిగింది’’ అన్నదొకటే మాట. నేనూ అదే చెప్పాను, పెళ్లయ్యాక నా భార్యకు కూడా. ఒకటి రెండుసార్లు అడగాలనిపించింది. చేలో ఇద్దరమే ఉన్నప్పుడు, బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు. ఏమని అడగాలి? కొన్నాళ్లకు అడగకపోవడమే అలవాటైపోయింది.

స్కూల్లో మాత్రం ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు ఎస్టరు చేసి చూపిస్తాను. కార్బన్ పాఠం వచ్చేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. అనంతపురం వెళ్లినప్పుడు కొనుక్కొచ్చిన ఐసోఎమైల్ ఆల్కహాలు సీసా ఒకటి అల్మరాలో ఉంటుంది. కండెన్సరు లేదు. టెస్ట్‌ట్యూబును వేడినీళ్ల గ్లాసులో పెడితే పావుగంటలో వాసన వచ్చేస్తుంది. యాసిడ్ పిల్లల చేతికివ్వను, అది నా పనే. ఒకసారి కిటికీ తెరిచి చేయబోయి ఆగిపోయాను. బయట వేపచెట్టుకు పెద్ద తేనెతుట్టె ఉంది. తేనెటీగ కుట్టినప్పుడు తోటివాటిని యుద్ధానికి పిలవడానికి వదిలే వాసనలో ముఖ్యమైనది ఇదే అరటిపండు ఎస్టరని 1962లో కనిపెట్టారు. ముప్పై ఎనిమిది మంది పిల్లలతో ఆ పరీక్ష నాకెందుకని కిటికీలన్నీ మూసేశాను.

ఈసారి సంక్రాంతి సెలవులకు ముందు కూడా చేశాను. మా అమ్మాయి అడిగింది గుర్తొచ్చి, ఫిల్టర్ పేపరు ముక్కలు రెండు అందులో ముంచి, మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో పెట్టి బత్తలపల్లె తీసుకెళ్లాను. భోగి ముందురోజు సాయంత్రం అరుగు మీద సీసా తెరిచి అమ్మాయికిచ్చాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, రెండోసారి, మూడోసారి వాసన చూసింది. అచ్చం నాలాగే. తర్వాత ఒక కాగితం ముక్క తీసుకుని వాళ్ల తాత దగ్గరికి పరుగెత్తింది.

‘‘తాతా, ఇదేం వాసనో చెప్పు!’’

నాయనకిప్పుడు డెబ్బై నాలుగు. కాగితం ముక్కుకు ఆనించుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

‘‘అరటిపండు. బాగా మాగింది’’ అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ‘‘ఆపొద్దు నువ్వు తెచ్చిన్యావే, ఆసుపత్రికి. ఇది ఆ వాసనే. పండు మాత్రం తిననియ్యలేదు’’ అన్నాడు.

ఆ పలవరింతలో ఆయనకు ఏదీ గుర్తుండదనుకున్నాను ఇన్నేళ్లూ. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

భోగి పొద్దున మంట దగ్గర నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. జేబులోంచి కాగితం తీసి వాసన చూశాడు. తిప్పి చూశాడు.

‘‘పోయిందిరా. రాత్రి దాకా ఉండె.’’

‘‘పోతుంది నాయనా, అది నిలవదు. గాలికి ఎగిరిపోతుంది.’’

‘‘గాలికా?’’ అని కాగితం వంకే చూస్తూ చిన్నగా నవ్వాడు. ‘‘అంతా గాలి మిందికే తోస్తిమి గదరా మనం.’’

అమ్మ లోపల వాకిట్లో మూకుడు దించిన చప్పుడైంది. కజ్జికాయల్లోకి వేయించిన శెనక్కాయలు పొట్టు తీయడానికి ఎవరైనా రండని పిలిచింది. నాయన కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని లేచాడు. లేవడానికి చెయ్యి ఇచ్చాను. ఇద్దరం వెళ్లి చేట ముందు కూర్చున్నాం.